కోరింగ, హోప్ ఐలాండ్, యానాం: మూడు రోజులు సరిపోతాయా?

మియాపూర్ నుంచి:
డిసెంబరు సెలవుల్లో అమ్మని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని కాకినాడ వైపు వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. కోరింగ మడ అడవి, హోప్ ఐలాండ్, యానాం, ద్రాక్షారామం, అంతర్వేది అనుకున్నాం. మూడు రోజుల్లో అవుతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్ నుంచి:
రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకి కాకినాడలో దిగుతారు. అక్కణ్ణుంచి కోరింగ దగ్గరే. అడవి లోపలికి చెక్క దారి వేశారు, అమ్మగారు నెమ్మదిగా నడవగలరు. పోటు (సముద్రపు నీరు పైకి ఎక్కడం), పాటు (నీరు వెనక్కి తీయడం) వేళలు మాత్రం కనుక్కుని వెళ్ళండి. మేం మొదటి రోజు పోటు మీద వెళ్తే కింద అంతా నీళ్ళే. మర్నాడు పాటు వేళకి మళ్ళీ వెళ్ళాం. బురద నిండా పెన్సిళ్ళు గుచ్చినట్టు మడచెట్ల వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేళ్ళతోనే ఊపిరి పీలుస్తుంది. మా పాప వంగి చూస్తుంటే ఒక చిన్న పీత, ఒంటంత ఉన్న ఒంటి కాలు పైకెత్తి ఊపింది. అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు పాప.

కూకట్‌పల్లి నుంచి (పుట్టిల్లు తాళ్ళరేవు):
పిల్లల్ని ఆకులు తుంపనివ్వకండమ్మా. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుక మేట వేసి ఏర్పడింది. కాకినాడ మీదికి వచ్చే అలల్ని ముందు అదే కాస్తుంది. మా కోరంగి (కోరింగనే అలా అంటాం) ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు ఉప్పెనతో ఆ వైభవం పోయింది. ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, ఊరు వేరేగా కనబడుతుంది. సంక్రాంతి దాటాక వెళ్ళగలిగితే ఆ దీవిలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. అవి పెట్టే చోట తొక్కకండి, ప్లాస్టిక్ వదలకండి. అటవీశాఖ వాళ్ళు ఎంతవరకు వెళ్ళమంటే అంతవరకే.

ఈసీఐఎల్ నుంచి:
బోటు దగ్గర జాగ్రత్త. మమ్మల్ని ఎక్కించినాయన డబ్బులు ముందే తీసుకుని సగం మందికే లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. అడిగితే "ఏం కాదండీ" అన్నాడు. నేను పిల్లల్ని తీసుకుని దిగిపోయాను. డబ్బులు పోతే పోయాయి. అందరికీ తొడిగాకే బోటు కదలనివ్వండి.

ద్రాక్షారామం తప్పకుండా చూడండి. పంచారామాల్లో ఒకటి, చాళుక్యుల నాటి గుడి, ఎటు చూసినా శాసనాలే. కాకపోతే గుడి రెండంతస్తులు, పైకి మెట్లు ఎక్కాలి. అమ్మగారికి కింద నుంచే దర్శనం చేయించండి. యానాం పక్కనే. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే లెక్క. సాయంత్రం గోదావరి గట్టున కూర్చోండి చాలు.

అంతర్వేది మాత్రం దీంట్లో కలపొద్దు. అది గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, కోనసీమ అవతలి కొస. దానికి ఒక రోజు పూర్తిగా కావాలి.

మియాపూర్ నుంచి:
అందరికీ థ్యాంక్స్. అంతర్వేది తీసేశాం. కోరింగకి రెండు రోజులు, యానాం, ద్రాక్షారామం కలిపి ఒక రోజు. ప్రయాణం జనవరి చివరికి మార్చాం. పాటు వేళ ఎవర్ని అడగాలి?

కూకట్‌పల్లి నుంచి:
రేవులో వలలు సర్దుకునేవాళ్ళని అడగండి, గడియారం చూసినట్టు చెప్తారు. పాటు వేళ రోజుకి ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది. ఇవాళ పదింటికి పాటు అయితే, రేపు పదకొండుకి కాస్త ముందు.