జియార్డియాకి మందు వేసినా మళ్లీ విరేచనాలు. క్రిములు మందుకి అలవాటు పడ్డట్టేనా?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. పోయిన నెల మోషన్ టెస్టులో జియార్డియా అనే పేగుల క్రిమి ఉందని వచ్చింది. డాక్టర్ గారు రాసిన మెట్రోనిడజోల్ సిరప్ ఐదు రోజులూ వేశాం, తగ్గింది. పది రోజులకి మళ్లీ కడుపుబ్బరం, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు. ఈ క్రిములు చిన్న సంచుల్లో ఒకదానికొకటి సమాచారం పంపుకుని మందుని తట్టుకుంటాయని చదివాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మిగిలిన సిరప్ డోసు పెంచి వేయనా?

జవాబు: వద్దండి, ఆ సిరప్ ముట్టుకోకండి. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను.

మీరు చదివింది నిజమే. వాటిని వెసికిల్స్ అంటారు. పొర కట్టిన బుడగలు, మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటాయి. జియార్డియా వదిలే బుడగల్లో ప్రొటీన్లు, చిన్న ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం మోసే పదార్థం) ముక్కలు ఉంటాయి. పక్క క్రిమి వాటిని లోపలికి తీసుకుంటే దాని తీరు మారవచ్చు. మలేరియా క్రిమిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది: మందుని తట్టుకునే జన్యువు ఈ బుడగల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరుతుందని 2013లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో చూపించారు.

మెట్రోనిడజోల్ నేరుగా విషం కాదు. క్రిమి లోపలికి వెళ్లాక దాని ఎంజైములే ఆ మందుని విషంగా మారుస్తాయి. ఆ ఎంజైములు తగ్గించుకున్న క్రిమి బతికిపోతుంది. అలా మారిన క్రిమి వదిలే బుడగలు పక్కవాటిని ఎంతవరకు మార్చగలవన్నదే ఇప్పుడు నడుస్తున్న పరిశోధన.

అయితే మీ బాబుకి అదే జరిగిందని ఇప్పుడే అనుకోకండి. మళ్లీ కొత్తగా సోకి ఉండొచ్చు. క్రిమి పోయినా కొన్ని వారాలు పాలు అరగకపోవడమూ మామూలే, దాని లక్షణాలూ ఇలాగే ఉంటాయి. క్రిమి రోజూ మలంలో పడదు కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వండి. క్రిమి ఇంకా ఉంటే డాక్టర్ గారు మందు మార్చవచ్చు. నిటాజోక్సనైడ్, అల్బెండజోల్ లాంటివి ఉన్నాయి. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగించండి. బాబు డల్ అయిపోయినా, మూత్రం తగ్గినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో బడిలో వేసిన నులిపురుగుల మాత్ర అల్బెండజోలే కదా మేడమ్?

జవాబు: అదేనండి. కానీ ఆ ఒక్క మాత్ర నులిపురుగులు, ఏలికపాముల కోసం. జియార్డియా పురుగు కాదు, ఒకే కణం ఉన్న జీవి. దానికి వరసగా కొన్ని రోజులు వాడాలి, అదీ డాక్టర్ చెబితేనే. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా?

ప్రశ్న: రెండేళ్ల పాప ఉంది. ఏ ఇబ్బందీ లేదు.

జవాబు: పాపకీ టెస్ట్ చేయించే విషయం డాక్టర్ గారిని అడగండి. లక్షణాలు లేకుండానే క్రిమి ఉండొచ్చు. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. నీళ్లు తెర్లకాచి తాగించండి, మామూలుగా కలిపే క్లోరిన్‌ని దీని గుడ్డులాంటి రూపం చాలాసేపు తట్టుకుంటుంది.

ప్రశ్న: రిపోర్టులు వచ్చాయి మేడమ్. బాబుకి రెండో శాంపిల్లో, పాపకి మొదటిదాంట్లోనే కనిపించింది. డాక్టర్ గారు ఇద్దరికీ ఒకేసారి మందు మొదలుపెట్టారు.