జీటీఏ 5 గేమ్ సరిగ్గా 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు, అంటే బొమ్మలు) దగ్గర ఆగిపోతోంది, ఏం చేసినా కదలట్లేదు

పలాస:
అన్నయ్యలూ, కొంచెం సాయం చేయండి. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. సంక్రాంతి వరకు జీటీఏ 5 అరవై దగ్గర హాయిగా ఆడేది, ఇప్పుడు 30 దాటితే ఒట్టు. షాడోలు తగ్గించా, టెక్చర్లు (వస్తువుల మీది పైపూత బొమ్మలు) నార్మల్‌కి తెచ్చా, చివరికి రిజల్యూషన్ 720కి దించితే బొమ్మ అలికినట్టు అయింది గానీ నంబరు మాత్రం కదల్లేదు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి ర్యామ్ వేయించమన్నాడు. వేయించాలా?

బొబ్బిలి:
విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టి చూడు బ్రో, కార్డు వదిలేసి ప్రాసెసర్ లోపలున్న చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో.

విజయనగరం:
అదీ చూడొచ్చు గానీ, చిన్న గ్రాఫిక్స్ మీద నడిస్తే 720కి దించగానే ఎంతో కొంత పెరగాలి కదా. తమ్ముడూ, ర్యామ్‌కి డబ్బులు పెట్టకు, ఆగు. 1080లో ఒక్కో ఫ్రేముకి 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు, 720లో 9 లక్షల 21 వేలు. సగం కన్నా తక్కువ పని ఇచ్చినా నంబరు కదల్లేదంటే కార్డుకి ఓపిక లేక కాదు. పైగా ఓపిక లేకపోతే 34, 27, 41 అని ఊగుతుంది, గీత గీసినట్టు 30 దగ్గర నిలబడదు. ఎక్కడో ఎవరో గేటు వేశారు. ఛార్జర్ పెట్టే ఆడుతున్నావా? కరెంటు పోయి బ్యాటరీ మీద ఆడితే నీ కార్డు చేసే ఎన్విడియా వాళ్ల బ్యాటరీ బూస్ట్ కూడా 30కి కట్టేస్తుంది. అది కాకపోతే గేమ్ గ్రాఫిక్స్ మెనూలో వీసింక్ (ఫ్రేముల్ని స్క్రీన్ వేగానికి కట్టే సెట్టింగ్) ఏముందో చూసి చెప్పు.

పలాస:
ఛార్జర్ ఉంది అన్నయ్యా. వీసింక్ దగ్గర హాఫ్ అని ఉంది, ఏటది?

విజయనగరం:
అదే దొంగ. నీ స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అందులో సగం 30. తీసేయ్.

పలాస:
తీసేశా!! గేమ్‌లోని ఊళ్లో 65, 70 వస్తోంది. కానీ ఊరు దాటి కొండల వైపు వెళ్తే 40కి పడిపోతోంది, అరగంట ఆడాక ఇంకా తగ్గుతోంది.

విజయనగరం:
ఊరి బయట పడేది గడ్డి వల్ల. గ్రాస్ క్వాలిటీ నార్మల్ చెయ్, అంచులు నున్నగా చేసే ఎంఎస్‌ఏఏ పూర్తిగా ఆపి అదే పని తేలిగ్గా చేసే ఎఫ్‌ఎక్స్‌ఏఏ పెట్టుకో, అడ్వాన్స్‌డ్‌లో ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ (దూరంగా ఉన్నవి ఎంత వివరంగా కనపడాలో) సున్నాకి లాగు. ఈ మూడే పెద్ద తిండిపోతులు. రిజల్యూషన్ మళ్లీ 1080కి తెచ్చి టెక్చర్లు హై పెట్టుకో, నీ కార్డులో 4 జీబీ ఉంది, మెనూ పైన వీడియో మెమరీ గీత నిండకుండా ఉంటే చాలు, అనవసరంగా బొమ్మ పాడుచేసుకున్నావు.

అరగంట తర్వాత తగ్గేది మాత్రం వేడి. పరుపు మీద పెట్టి ఆడుతున్నావు కదూ? నేనూ అదే చేసేవాడిని, కింద గాలి దారి మూసుకుపోయి కీబోర్డు మీద వేలు పెట్టలేకపోయేవాణ్ణి. బల్ల మీద పెట్టు, వెనకవైపు ఏదైనా పుస్తకం పెట్టి ఎత్తు. అప్పటికీ తగ్గకపోతే పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 చెయ్, ప్రాసెసర్ అదనపు వేగం (టర్బో) ఆగిపోయి వేడి బాగా దిగుతుంది. మొదట్లో ఓ నాలుగైదు ఫ్రేములు పోవచ్చు, చివరిదాకా ఒకేలా నడుస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ఆప్షన్ కనపడదు, కనపడకపోతే వదిలెయ్.

పలాస:
పరుపు మీదే అన్నయ్యా 😅 బల్ల మీద పెట్టాక గంట ఆడినా పడలేదు. హాఫ్ పెట్టింది మా బావట, పండక్కి వచ్చినప్పుడు కారు తిప్పుతుంటే బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తోందని మార్చాడంట. నిజమే, ఇప్పుడు మళ్లీ చిరుగుతోంది.

విజయనగరం:
మీ బావ రోగం సరిగ్గానే పట్టాడు, మందే ఎక్కువ వేశాడు. గేమ్‌లో వీసింక్ ఆఫ్‌లోనే ఉంచి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో వర్టికల్ సింక్ (వీసింకే) దగ్గర అడాప్టివ్ కనపడితే అది పెట్టు. అరవై అందినంతసేపు చిరగదు, అందనప్పుడు తనే తప్పుకుంటుంది. పక్కనే అడాప్టివ్ హాఫ్ రిఫ్రెష్ రేట్ అని ఇంకోటి ఉంటుంది, అది నొక్కావంటే మళ్లీ 30కే వస్తావు.