అమ్మ కంటి పొర ముదిరేదాకా ఆగాలా?

పాలమూరు_పిల్లోడు:
అమ్మకి 63, మహబూబ్‌నగర్ దగ్గర పల్లెలో ఉంటుంది, నేనేమో హైదరాబాద్‌లో. షుగర్ ఉంది. కుడి కంట్లో పొర (శుక్లం) మొదలైందని 2023లో కంటి వెలుగు శిబిరంలోనే చెప్పి అద్దాలిచ్చారు. ఇప్పుడు బియ్యం ఏరాలంటే చాట పట్టుకుని వాకిట్లో ఎండలో కూర్చుంటోంది, అయినా సగం రాళ్లు అన్నంలోకే వస్తున్నాయి. ఆపరేషన్ అంటే "ఇంకా ముదరలేదంట, చలికాలం రానీ" అంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీదీ అదే మాట. నిజంగా ఆగాలా?

చుక్కలమందు:
అక్కర్లేదు. నేను విజన్ సెంటర్‌లో పనిచేశాను, ఈ మాట వినని రోజు లేదు. ముదరాలన్నది పాత పద్ధతి నాటి మాట, అప్పుడు కంట్లోని లెన్స్‌ని మొత్తంగా బయటికి తీసేసి సోడాబుడ్డి అద్దాలిచ్చేవాళ్లు. ఇప్పుడు ఫేకో అనే పద్ధతిలో చిన్న గాటు పెట్టి, పొరని ముక్కలు చేసి పీల్చేసి, కొత్త లెన్స్ పెడతారు. ముదిరేకొద్దీ అది గట్టిపడుతుంది, పగలగొట్టడం కష్టమై కార్నియాకి (కంటి ముందుండే అద్దంలాంటి భాగానికి) దెబ్బ తగలొచ్చు. మరీ వదిలేస్తే ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరిగి విపరీతమైన నొప్పి. చలికాలం, ఎండాకాలం తేడా ఏమీ లేదు.

నాకు టెన్షన్ షుగర్ గురించి. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక రెటీనా, అంటే కంటి లోపల వెనకుండే తెర, చూశారా ఎప్పుడైనా? అద్దాల నంబర్ చూడటం వేరు, ఇది వేరు. రెటీనా పాడవుతున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉంటుంది, అందుకే షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే.

కూకట్‌పల్లి_రాణి:
పల్లెటూరు కాబట్టి ఇలా అనుకోకండి. మా వీధిలోనే కళ్ల ఆసుపత్రి ఉంది, మా మామయ్య పేపర్ బాగానే చదువుతున్నారని ఎవరం పట్టించుకోలేదు. స్కూటర్ ఎప్పుడూ ఎడమవైపే గేటుకి రాసుకునేది, వయసైపోయింది కదా అనుకున్నాం. తీరా చూస్తే నీటికాసులు (గ్లకోమా), కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు! పక్కచూపు పోయింది, పోయింది ఇక రాదు, చుక్కలతో ఉన్నది నిలుపుకోవడమే. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెద్ద సర్వే చేశారు. హైదరాబాద్‌లో కూడా నీటికాసులున్న వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదని తేలింది. ఆపరేషన్‌కి ముందు కంట్లో ప్రెషర్, కంటి నరం కూడా చూడమనండి.

సుజాత_మెదక్:
తమ్ముడూ, అమ్మ ముదరలేదని ఆగుతోందనుకుంటున్నావా? వెంట ఎవరొస్తారు, ఆపరేషన్ తర్వాత బర్రెల్ని ఎవరు చూస్తారు, అదీ ఆమె బెంగ. మా అత్త అలాగే రెండు కళ్లూ మసకయ్యేదాకా చెప్పలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్, లెన్స్ ఉచితమే, డబ్బు కన్నా మనిషి తోడు కావాలి. తర్వాత కొన్ని వారాలు చుక్కలు టైముకి వేయాలి, కంట్లో నీళ్లు పడకూడదు, కట్టెల పొయ్యి దగ్గరికి పోనివ్వద్దు.

పాలమూరు_పిల్లోడు:
అక్కా, బర్రెల మాట నిజమే, ఫోన్‌లో మొదట అదే అడిగింది. చిన్నాన్నతో మాట్లాడా, పాలు పితకడం వాళ్లు చూసుకుంటామన్నారు. శనివారం తీసుకెళ్తున్నా. చుక్కలు వేశాక బస్సులో తిరిగి రావచ్చా, లేక ఆ పూట అక్కడే ఉండాలా?

చుక్కలమందు:
రావచ్చు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుగు చూడలేరు. నల్ల కళ్లజోడు పెట్టి చెయ్యి పట్టుకుని ఎక్కించు. పాత షుగర్ రిపోర్టులు మర్చిపోవద్దు.