అప్‌డేట్: నీలం పోయిన హోస్టా సంగతి

నిరుడు జూలైలో అడిగాను, గుర్తుందా? మిషిగన్‌లో మా పెరట్లో మేపుల్ చెట్టు కింద పెట్టిన హోస్టా ‘ఎలిగాన్స్’ (నీడలో పెరిగే, నీలపు ఆకుల అలంకార మొక్క) వేసవి సగానికే నీలం పోయి మామూలు ఆకుపచ్చకు తిరిగిందని, నర్సరీవాళ్లు వేరే మొక్క అంటగట్టారేమోనని.

పాపం, వాళ్ల తప్పేం లేదు. మీరు చెప్పినట్టు ఒక ఆకును బొటనవేలితో రుద్ది చూశాను. నల్లద్రాక్ష మీద బూడిద తుడిచినట్టు వేలి వెడల్పున పచ్చటి గీత పడింది. అంటే ఆకు పచ్చనిదే, నీలమంతా పైనున్న మైనపు పూతదే. ఆ గీత మళ్లీ పూడలేదు, మా ఆవిడ చూసినప్పుడల్లా నవ్వేది.

పూతను పోగొట్టింది మధ్యాహ్నపు ఎండ, రోజూ ఆకుల మీద కొట్టే స్ప్రింక్లర్. పైగా మేపుల్ వేర్లు నీళ్లన్నీ లాగేసేవి. సెప్టెంబర్‌లో గడ్డతో సహా తవ్వి ఇంటికి తూర్పువైపు నాటాను. పొద్దున రెండు గంటల ఎండ, తర్వాతంతా నీడ. నీళ్లు ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోస్తున్నా.

చలికాలం ఆకులన్నీ కుళ్లి నేలమట్టమయ్యేసరికి టెన్షన్ పడ్డాను. ఏప్రిల్ చివర్లో మట్టిలోంచి కొమ్ముల్లా మొలకలు లేచాయి. ఇప్పుడు జూలై రెండో వారం, ఇంకా నీలంగానే ఉంది! ఆగస్టుకు కొంత పచ్చబడుతుంది, అది మామూలేనట. పూర్తి సైజుకు ఇంకో మూడు నాలుగేళ్లు ఆగాలి.

ఆకు మందం కాబట్టి నత్తలు పెద్దగా ముట్టలేదు. జింకలే, మొన్న రాత్రి ఒకవైపు కాడలు మాత్రం మిగిల్చి పోయాయి. వల కొనుక్కొచ్చాను.