‘మనాది పెట్టుకున్నది’: ఆ క్రియ గురించి

డిప్రెషన్‌కు తెలుగు మాట ఏదని మొన్న ఇక్కడ ఒకరు అడిగితే కుంగుబాటు, వ్యాకులత అని జవాబులొచ్చాయి. మంచి మాటలే. కానీ మా నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు వాటిని ఎవరి నోటా వినలేదు. మేం మనాది అంటాం. "కొడుకు మనాదితోటే ముసలామె పోయింది" అంటాం. మనోవ్యాధే అరిగి అట్లా అయిందంటారు. సంస్కృత నిఘంటువు అమరకోశం మనసు బాధకు ‘ఆధి’ అని వేరే మాటే ఇచ్చింది: "పుంస్యాధిర్మానసీ వ్యథా". ఒంటి రోగం పక్కన మనసు రోగానికీ పీట వేసిన సంప్రదాయం మనది.

నా గొడవ దాని వెనకొచ్చే క్రియతో. జ్వరం వస్తుంది. దెబ్బ తగులుతుంది. "ఆమెకు జబ్బు చేసింది" అంటాం, అంటే చేసింది జబ్బే. మనాది మాత్రం ‘పెట్టుకుంటారు’. ఆ ‘కొను’ను చూడండి: వండుకొను, కట్టుకొను, తెచ్చుకొను. ఎవరి పని వాళ్లు తమకోసం చేసుకోవడం. "ఆమె మనాది పెట్టుకున్నది" అనగానే రోగి కర్త అయిపోతుంది. పెట్టుకున్నదాన్ని తీసెయ్యరాదా అని ఆ వెంటనే అడుగుతారు.

నాలుగేళ్ల కింద నాకు తీవ్రంగా వచ్చింది. అమ్మ మంచం పక్కన చాయ పెట్టి పోయేది. మీగడ కట్టి, చల్లారి, గ్లాసు అంచుకు గోధుమరంగు గీత పడేదాకా దాన్నే చూసేదాన్ని. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేకపోయేదాన్ని. చూడవచ్చిన వాళ్లంతా "ఏం తక్కువైందని పెట్టుకున్నవు బిడ్డా?" అనేవాళ్లు. హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు అమ్మ దవాఖాన పేరు కనపడకుండా ఫైలు తిప్పి పట్టుకునేది. ఎవరన్నా అడిగితే "కడుపునొప్పి" అని చెప్పేది.

మా దిక్కు బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో కాళ్లు వంగినవాళ్లున్నారు. వాళ్లను ఎవరూ ‘వంకర పెట్టుకున్నరు’ అనలేదు. నీళ్లను అన్నారు.

దీని కింద వచ్చిన వ్యాఖ్యలు, నా జవాబులు:

— అక్కా, మాది పాలమూరు. మేం ‘రంది’ అంటం. నాన్న బొంబాయికి పనికి పోతే నాయనమ్మ "రంది పెట్టుకోకు" అనేది. అది నింద కాదు కదా, ధైర్యం చెప్పుడు.

— నిజమే తమ్ముడూ, ఆ మాట చల్లగా ఉంటుంది. కానీ రందికి కారణం ఉంటుంది. వాన పడకపోవడమో, కొడుకు ఫోన్ చేయకపోవడమో. నాన్న ఇంటికొస్తే నాయనమ్మ రంది పోయి ఉంటుంది. నా మనాదికి అసలు కారణమే లేదు. ఆ ఏడాది పంట బాగుంది, ఇల్లు బాగుంది. అందుకే "దేని మనాది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయేది, జవాబు లేనందుకు ఇంకా సిగ్గయ్యేది. రెండు వారాలకు మించి రోజంతా ఏదీ చేయబుద్ధి కాక, నిద్రా ఆకలీ తప్పితే అది జబ్బు కావచ్చు, చూపించుకోవాలి. డాక్టర్ ఇది మొదటి రోజే చెప్పారు. మందులు పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని కూడా.

— మా ఆఫీసుల ‘ఎర్రగడ్డకు పంపాలె’ అని నవ్వుకుంటరు. హైదరాబాద్‌ల మానసిక రోగుల దవాఖాన ఉన్న పేట పేరే తిట్టయింది.

— అవునండీ. ఆ తిట్టు విని పెరిగినందుకే నేను ఆరు నెలలు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఫోన్‌లోనైనా మాట్లాడొచ్చు. 14416, టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రైనా పగలైనా పలుకుతారు, డబ్బులు లేవు, తెలుగులో మాట్లాడతారు.

మొన్న వాకిట్లో పక్కింటామెతో అమ్మ అంటుంటే విన్నా: "మా బిడ్డకు మనాది అచ్చింది. గోళీలు వాడుతున్నది." మాట అదే, క్రియ మారింది. ఆమె కూడా కాసేపు ఊరుకుని, "మా చిన్నోనిగ్గూడ అచ్చినట్టే ఉన్నది" అన్నది.

గద్వాల, నారాయణపేట దిక్కువాళ్లు చెప్పండి: మీ ఇళ్లల్లో మనాది ‘వస్తుందా’, ‘పడతారా’, ‘పెట్టుకుంటారా’?