‘శతం జీవ శరదో వర్ధ...’ సరే, మరి వర్ధంతి ఎలా వచ్చింది?

నల్లబల్ల:
మా ఊరి గ్రంథాలయం గుమ్మం పక్క బల్ల మీద రోజూ పొద్దున్నే ‘చరిత్రలో ఈ రోజు’ రాస్తుంటాను. నవంబరు 30కి నాలుగు పంక్తులు అనుకున్నాను. 1835 మార్క్ ట్వేన్ జననం, 1858 జగదీశ్ చంద్ర బోస్ జననం, 1915 గురజాడ అప్పారావు వర్ధంతి, 1966 బార్బడోస్‌కు స్వాతంత్ర్యం. మూడో పంక్తి దగ్గర సుద్దముక్క ఆగిపోయింది. మొన్న మా మేనకోడలి పుట్టినరోజున పురోహితులు అక్షింతలు వేస్తూ చదివిన మంత్రం చెవిలోంచి పోవడం లేదు: ‘శతం జీవ శరదో వర్ధ...’ తరవాత మానః నా, మానా నా? అదెలా ఉన్నా ‘వర్ధ’ మాత్రం ఖాయం. పుట్టినరోజు దీవెనలో ఉన్న ధాతువే చావురోజు పేరులోకి ఎలా వచ్చింది?

విజయనగరం మాస్టారు:
ముందు ఒక సవరణ. 1915లో వర్ధంతి ఏమిటండీ? అది మరణం. మొదటి వర్ధంతి 1916లో. బల్ల మీద సంవత్సరం పక్కన వర్ధంతి అని రాస్తే పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

సంధ్యావందనం:
వర్ధమానః. ఋగ్వేదం పదో మండలం, 161వ సూక్తం: ‘శతం జీవ శరదో వర్ధమానః శతం హేమంతాన్ శతము వసంతాన్’. ఆడపిల్లకైనా మంత్రంలో ‘మానః’ను ‘మానా’ చెయ్యరు. ఒక్క మాట. ఇది పుట్టినరోజు కోసం పుట్టిన మంత్రం కాదు. ఆ సూక్తం క్షయరోగి కోసం. మృత్యువు దగ్గరదాకా పోయినవాణ్ణి నిర్ఋతి అనే వినాశదేవత ఒడిలోంచి వెనక్కి తెస్తాను అంటాడు ఋషి. అంత చావు ఒడ్డున నిలబడి ‘పెరుగుతూ నూరేళ్లు బతుకు’ అనడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది.

ఆదోని:
అసలు మీరందరూ వర్ధంతి అంటే చావురోజు అని ఎందుకు ఒప్పేసుకున్నారో నాకు అర్థం కాదు. మాకు గంట దూరంలో మంత్రాలయం. ఫాల్గుణ శుద్ధ సప్తమి రాఘవేంద్రస్వామి పుట్టినరోజు, ఆ రోజు జరిగేదాని పేరే వర్ధంతి ఉత్సవం. ఆయన 1671లో బృందావన ప్రవేశం (సజీవసమాధి) చేసిన శ్రావణ బహుళ విదియకు ఆరాధన అంటాం. ఒకే ఊళ్లో, ఒకే స్వామికి, రెండూ విడివిడిగా ఉన్నాయి. మా ఇళ్లలో పురుటి మైలను కూడా వృద్ధి అనే అంటాం. ‘పెరగడం’ అనే వృధ్ ధాతువు పుట్టుకదే.

సంధ్యావందనం:
శృంగేరిలోనూ అంతే. అక్కడి పీఠాధిపతి భారతీతీర్థ స్వామివారు పుట్టింది మన మచిలీపట్నంలో, 1951లో. పీఠం ఆయన పుట్టినరోజును వర్ధంతి అంటుంది. ఒకసారి ఆ ఆహ్వానపత్రం మా ఇంటికి వచ్చింది. అమ్మ పైమాట చదివి కుర్చీలో కూలబడిపోయింది. లోపల కార్యక్రమాల పట్టిక చదివి వినిపించేదాకా తేరుకోలేదు.

పాత నోటుబుక్కు:
అది కన్నడం ప్రభావం. మైసూరు వైపు చాముండేశ్వరికి ఆషాఢంలో వర్ధంతి, గుడి ప్రతిష్ఠ జరిగిన రోజుకు ఏటా వర్ధంతి. మనకు సరిహద్దు జిల్లాల్లో తప్ప ఆ అర్థం లేదు. తెలుగులో ఏ ఫ్లెక్సీ చూసినా ‘ప్రథమ వర్ధంతి’ కింద దండ వేసిన ఫొటోనే.

ఆదోని:
ప్రభావం ఎటునుంచి ఎటో ఎవరు చెప్పగలరు? ధాతువు మా పక్షాన ఉంది. ఫ్లెక్సీ ప్రమాణమా?

వ్యాకరణాభిమాని:
ధాతువు ఎవరి పక్షానా లేదు. వృధ్ ఆత్మనేపది, అంటే క్రియారూపాలు ‘తే’తో ముగిసే రకం. వర్ధతే, వర్ధంతే. తిథి స్త్రీలింగం కాబట్టి ‘పెరుగుతున్న తిథి’ అనాలంటే ‘వర్ధమానా’ కావాలి. ‘వర్ధంతీ’ అనే రూపం ‘జయంతీ’ని చూసి చేసుకున్నది. జయంతికి ఆ హక్కు ఉంది, దాని ధాతువు ‘జి’ పరస్మైపది, ‘తి’తో ముగిసే రకం. పైగా జయంతి మొదట అందరి పుట్టినరోజూ కాదు. శ్రావణ బహుళ అష్టమికి రోహిణి కలిస్తే దాని పేరు జయంతి. కృష్ణుడి పుట్టుక నుంచి తక్కినవాళ్లకు పాకింది. జయంతి పుట్టినరోజుకు స్థిరపడ్డాక, అదే తూకంలో పోయిన రోజుకు ఒక మాట కావలసివచ్చింది. వర్ధంతి దొరికింది. నా అభిప్రాయం ఇంతే.

సంధ్యావందనం:
వేదంలో పరస్మైపదం కూడా ఉందండీ. అక్కడ వర్ధంతి అంటే ‘పెంచుతున్నారు’. పాణిని కంటే ముందటి మాట.

వ్యాకరణాభిమాని:
ఉంది, కాదనను. కానీ ఆ క్రియాపదం తిథి పేరు కాలేదు. అక్కడ హ్రస్వం, ఇక్కడ దీర్ఘం. ‘తి’ వేరు, ‘తీ’ వేరు.

కరీంనగర్ అక్క:
మీరు సంస్కృతంలోనే తిరుగుతున్నారు. వంటింట్లోకి రండి. బియ్యం అయిపోతే మనం ఏమంటాం? నిండుకున్నాయి అంటాం. డబ్బా అడుగు కనిపిస్తున్నా సరే, నిండుకున్నాయి. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. మా నాయనమ్మ పుస్తెలతాడు తెగితే ‘పెరిగింది’ అనేది, తెగింది అన్న మాట నోట రానిచ్చేది కాదు. మరాఠీవాళ్లు కొబ్బరికాయ కొట్టడాన్ని ‘వాఢవణే’ అంటారు, పెంచడం అని. హిందీలో దుకాణం మూసేయడం ‘బఢానా’. ఆ వాఢ్, బఢ్ రెండూ మీ వృధ్ పిల్లలే. ముగిసిపోయినదాన్ని పెరిగింది అనడం ఈ నేల మీద ఆడవాళ్లు నేర్పిన మర్యాద. వర్ధంతిలో నాకు కనిపిస్తున్నది అదే.

నల్లబల్ల:
అక్కా, ‘నిండుకున్నాయి’ రోజుకోసారి అంటూ కూడా ఎప్పుడూ ఆగి చూడలేదు.

ఆదోని:
బాగుంది, కానీ నిండుకోవడం వస్తువులకు. మనిషి పోతే ఎవరైనా ‘పెరిగాడు’ అన్నారా?

కరీంనగర్ అక్క:
మనిషికి ‘కాలం చేశాడు’, ‘పరమపదించాడు’ ఉన్నాయి కదా తమ్ముడూ. రోజుకే మంచి మాట లేదు. తద్దినం చూడు. తత్ దినం, ‘ఆ రోజు’ అని మాత్రమే. ఎంత సున్నితంగా మొదలైంది! ఇప్పుడు తిట్టు అయిపోయింది. సభలో ఎవరి తద్దినమైనా అనగలమా? ఆబ్దికం, సంవత్సరీకం ఇంటి గడప దాటవు. అందుకే వర్ధంతి అందుకున్నారు.

పాత నోటుబుక్కు:
ఆరాధన ఉందిగా. త్యాగరాజస్వామి 1847లో వెళ్లిపోయిన పుష్య బహుళ పంచమిని తిరువయ్యూరులో ఇన్నేళ్లుగా ఆరాధనే అంటున్నారు. గురజాడ ఆరాధన అంటే తప్పేంటి?

విజయనగరం మాస్టారు:
గురజాడకా! ఆయన్ను స్వామిని చెయ్యకండి బాబూ. తిథులు చూసుకునే రకమా ఆయన? 1910లో తోకచుక్క వస్తే ఊరంతా అరిష్టమని వణుకుతుంటే దాన్ని చూసి ముత్యాల సరాలు గుచ్చిన మనిషి. నవంబరు 30 చాలు, బహుళమో శుద్ధమో అక్కర్లేదు. బల్ల మీద ఆయన మాట ఒకటి రాస్తున్నారా మరి?

నల్లబల్ల:
రాస్తాను మాస్టారూ. ‘స్వంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్, దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుష్యులోయ్’.

విజయనగరం మాస్టారు:
అదిగో! మనుషులోయ్. ‘ష్యు’ కాదు. తాళం వేసి చూడండి, మూడు నాలుగు, మూడు నాలుగు. దేశ, మంటే, మట్టి, కాదోయ్. ఆఖరి పాదంలో దేశ, మంటే, మనుషు, లోయ్. చివర రెండు మాత్రలతో తెగాలి. ‘ష్యు’ పెడితే దాని ముందున్న ‘ను’ గురువై, చెయ్యి గాల్లో ఉండిపోతుంది. ‘కూర్చి జనులకు చూపవోయ్’ పక్కన పెట్టి చదవండి, ‘క్రొమ్మెరుంగులు జిమ్మగా’ పక్కన పెట్టి చదవండి. మూడూ ఒకేచోట వాలతాయి. ముప్పై ఏళ్లు తరగతిలో బల్ల మీద చరిచి చెప్పాను. పాఠ్యపుస్తకం చూసి కూడా సగంమంది ‘ష్యు’ అనే రాసేవారు.

వ్యాకరణాభిమాని:
మాస్టారి మాత్రలు సరే. నాకు ‘స్వంత’ మీద అనుమానం. సొంత అన్నా మాత్రలు మూడే. అంత తేట తెలుగులో ఆ ‘స్వ’ ఎందుకు?

విజయనగరం మాస్టారు:
‘కొత్తపాతల మేలు కలయిక’ అన్నది ఆయనే కదండీ. ‘కద్దని’, ‘వలెనోయ్’ కూడా ఉన్నాయి ఈ ‘దేశమంటే’ గేయంలోనే. వాటినీ మారుస్తారా? నాకు ‘స్వంత’ కావాలి.

ఆదోని:
నా వర్ధంతి సంగతి ఎవరూ తేల్చలేదు.

నల్లబల్ల:
బల్ల మీద ‘1915: గురజాడ అప్పారావు కన్నుమూసిన రోజు’ అని రాశాను. కింద గేయం. ‘షు’ ఒత్తు లేకుండా. ‘స్వ’ ఉంచాను. మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆగి చదివి, ‘కన్నుమూయడం అంటే నిద్రపోవడమా సార్’ అని అడిగింది.

కరీంనగర్ అక్క:
ఏం చెప్పావు?

వ్యాకరణాభిమాని:
‘సొంత’ అనే వాదాన్ని నేను వదల్లేదు మాస్టారూ. వేరుగా రాస్తాను.