తల్లుల గ్రూపులో పాలు, తిండి, మందుల సలహాలు నిషేధించడం సరైనదేనా?

ఐదు నెలల పాప తల్లి, నల్లగొండ

మా అంగన్‌వాడీ కేంద్రంలో టీకాల రోజున పరిచయమైన తల్లులమంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు ముప్పై ఇద్దరం ఉన్నాం, అందరి పిల్లలూ ఏడాది లోపు వాళ్లే. మూడో నెల దాటి తల్లిగారింటి నుంచి తిరిగి వచ్చాక, ఆయన డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనూ పాపా మాత్రమే. రాత్రి రెండు గంటలకు "ఎవరైనా మేలుకొని ఉన్నారా" అని రాస్తే జవాబు వచ్చేది ఆ గ్రూపులోనే.

పోయిన నెలలో, నాలుగు నెలల బాబు ఉన్న ఒక సభ్యురాలు పాలు చాలడం లేదని బాధపడితే ఒకరు డబ్బా పాలు మొదలుపెట్టమన్నారు, ఇంకొకరు బోరు నీళ్లయినా మరిగిస్తే చాలన్నారు, మరొకరు నాలుక మీద కాస్త తేనె రాయమన్నారు. తేనె ఒక్కటే ఆమె మానుకుంది. వారం తిరిగేసరికి బాబుకు విరేచనాలు పట్టుకొని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. దాంతో గ్రూపు నడిపే అక్క ఒక నియమం ప్రతిపాదించారు: పాలు, తిండి, మందుల గురించి ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు, కష్టసుఖాలు చెప్పుకోవడం, పొట్టివైన బట్టలు ఇచ్చిపుచ్చుకోవడం వరకే ఉండాలి. సగం మంది సరే అన్నారు, సగం మంది అలాగైతే గ్రూపు ఎందుకు అంటున్నారు. ఆదివారం తేల్చుకోవాలి. మీరేమంటారు?

స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ

ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. "మా ముగ్గురు పిల్లలకూ పెట్టాం, ఏమీ కాలేదు" అనే తల్లికి తెలిసింది తన ముగ్గురు పిల్లల సంగతి మాత్రమే. ఏమైనా అయిన పిల్లలను చూసేది వార్డులో ఉన్న మేము. తేనె సంగతే తీసుకోండి. అందులో బొట్యులిజం క్రిమి బీజాలు ఉండే అవకాశం ఉంది, పెద్దవాళ్ల పేగుల్లో అవి పెరగలేవు గానీ ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వందమందికి ఏమీ కాకపోవడం నూట ఒకటో బిడ్డకు రక్షణ కాదు.

మందుల విషయం ఇంకా భయంకరం. పసిపిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ చుక్కల మందులో మామూలుగా ఒక్కో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, 125 సిరప్‌లో (ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉండేది) అదే మిల్లీలీటరుకు 25 మాత్రమే. ఒక తల్లి తన ఇంట్లోని సిరప్‌ను చూసి రాసిన కొలతతో మరో తల్లి చుక్కల మందు పోస్తే బిడ్డకు నాలుగింతలు పోసినట్టే. పైగా రెండు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో ఏ మందూ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అడగడానికి మనిషి లేదా అంటే ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికే వస్తుంది, తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు వస్తుంది. శిక్షణ పొందిన ఆ మనిషిని వదిలి ఫోనులో వెతుక్కోవడం ఎందుకు?

రెండేళ్ల బాబు తల్లి, మర్రిగూడ మండలం

సిస్టర్ గారూ, మందుల లెక్క విషయంలో మీ మాటకు నేను ఎదురు చెప్పను. కానీ మీరు చెప్పిన ఆ రోజుల్లోనే నా జవాబు ఉంది. నలభై రెండో రోజుకూ మూడో నెలకూ మధ్య నెలన్నర ఖాళీ ఉంది చూడండి, నా పాలు తగ్గిపోయాయని నేను నమ్మింది సరిగ్గా ఆ నెలన్నరలోనే.

బాబుకు రెండో నెల. రొమ్ములు మునుపటిలా బిగువుగా ఉండడం లేదు, సాయంత్రం ఆరు దాటితే వాడు ఏడుపు ఆపడు. మా అత్తమ్మ డబ్బా తెప్పించి అలమరలో పెట్టింది. ఆ సాయంత్రం పక్కింటి వదినె వచ్చింది. నన్ను ఏమీ అడగలేదు, నేరుగా పెరట్లోకి వెళ్లి దండెం మీద ఆరేసిన బాబు గుడ్డలను ఒక్కొక్కటిగా వేలితో తాకుతూ లెక్కపెట్టింది. పొద్దుటి నుంచి ఎనిమిది. "రోజుకు ఆరు గుడ్డలు తడిపితేనే చాలు, ఎనిమిది తడిపినోనికి పాలు చాలకపోవుడేందే" అంది. ఆ రాత్రి తొమ్మిదింటి దాకా వాణ్ని భుజాన వేసుకొని తిరిగి నన్ను పడుకోబెట్టింది, మర్నాడు తనే నన్ను అంగన్‌వాడీకి తోలుకపోయి బాబును తూకం వేయించింది. బరువు పెరిగింది. డబ్బా మూత తీయకుండానే దుకాణానికి తిరిగి వెళ్లింది. ఆమె చదివింది ఏడో తరగతి. మీ గ్రూపు నియమం ప్రకారం ఆ రోజు ఆమె నోరు మెదపకూడదు.

ఇక నీళ్ల సంగతి. బోరు నీళ్లలో ఉండి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా మండలంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా చనుబాలలోకి దిగేది చాలా స్వల్పం. అంటే చనుబాలు తాగే బిడ్డకు తల్లి శరీరమే అడ్డుగోడ, బోరు నీళ్లతో కలిపిన సీసా పాలకు ఆ అడ్డు లేదు. మీ ముప్పై ఇద్దరిలో మా వైపు నుంచి వచ్చిన కోడలు ఒక్కరున్నా ఈ మాట ఆమెకు తెలిసే ఉంటుంది. నియమం పెడితే ముందు మూతపడేది ఆమె నోరే, తప్పు చెప్పేవాళ్లు గోడ పక్కన నిలబడి చెబుతూనే ఉంటారు.

ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకుంటే పిల్లలు బతుకుతారని నిరూపణ కూడా ఉంది. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ సంస్థ మహిళా బృందాలను నెలనెలా సమావేశపరిచింది. ఆ పల్లెల్లో మూడేళ్ల కాలంలో నవజాత శిశు మరణాల రేటు, బృందాలు లేని పల్లెల కంటే దాదాపు మూడో వంతు తక్కువగా ఉందని 2010లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఎవరో వచ్చి ఉపన్యాసం ఇవ్వడం కాదు, సమావేశాలు నడిపిందీ స్థానిక మహిళే, తమ కష్టాలేమిటో ఏం చేయాలో తేల్చుకున్నదీ ఆ స్త్రీలే. మన దగ్గర ఆరోగ్యలక్ష్మి పథకం భోజనానికి బాలింతలు ఆరు నెలల దాకా ఎలాగూ అంగన్‌వాడీకి వస్తున్నారు, ఆ మాటలు అక్కడే టీచర్ ముందు మాట్లాడుకోవచ్చు.

నేను కోరే నియమం వేరు. సలహా రాసిన మనిషి మర్నాడు ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లే ఉద్దేశం లేనివాళ్లు రాయవద్దు.

తొమ్మిది నెలల పాప తల్లి, పాలమూరు నుంచి, ప్రస్తుతం ముంబయిలో

మర్రిగూడ అక్కా, మీ మాట బాగుంది, కానీ నా ఇంటికి ఎవరు వస్తారు? మా ఆయన మేస్త్రీ, మేము ఉండేది పని జరిగే చోట రేకుల గదిలో. ఏడో నెల నుంచి పాపకు రావాల్సిన బాలామృతం, గుడ్లు ఊళ్లో అంగన్‌వాడీలోనే ఉండిపోయాయి. ఏ ఆశా కార్యకర్తా ఈ గదిని వెతుక్కుంటూ రాలేదు. తొమ్మిదో నెల తట్టు టీకా కోసం ఊరికి పోవాలేమోనని కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే, మా ఊరి తల్లుల గ్రూపులోనే ఒకరు అదే టీకాల కార్డుతో ఇక్కడి ప్రభుత్వ కేంద్రంలోనూ ఉచితంగా వేస్తారని రాశారు. వేయించాను. నాలాంటి వాళ్లకు ఫోనులో వచ్చే మాట తప్ప మరో దిక్కు లేదు, దయచేసి దాన్ని మూసేయకండి.

స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ

పాలు, తిండి విషయంలో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. దండెం మీద గుడ్డలు లెక్కపెట్టడం మేము చెప్పే లెక్కే, మేము చెప్పాల్సిన సమయానికి మేము అక్కడ లేము, ఆమె ఉంది. మందుల పేరు, కొలత మాత్రం గ్రూపులో ఎవరూ రాయకూడదన్న మాట మీద గట్టిగా నిలబడతాను.

ఇంకొక్క సంగతి. గుడ్డలు తడవని, బరువు పెరగని బిడ్డలూ ఉంటారు, నిజంగానే డబ్బా పాలు అవసరమైన తల్లులూ ఉంటారు. వైద్యుడు చెప్పి పట్టిస్తున్న తల్లిని దోషిలా నిలబెట్టిన గ్రూపులు నేను చూశాను. కాన్పు అయిన రెండు వారాల తర్వాత కూడా దిగులు తీరక, బిడ్డను ఎత్తుకోవాలని కూడా అనిపించని తల్లికి పాల గొప్పదనం బోధించకండి. పక్కన కూర్చోండి, వైద్యుడికి చూపించండి, మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ కలిపి ఇవ్వండి.

ఐదు నెలల పాప తల్లి, నల్లగొండ

ఆదివారం కేంద్రంలోనే కూర్చున్నాం, టీచర్ కూడా ఉన్నారు. మందుల పేర్లు, కొలతలు రాయకూడదని అందరూ ఒప్పుకున్నారు. పాలు, తిండి గురించి మాట్లాడుకోవచ్చు, దగ్గరలో ఉన్నవాళ్లు రాసిన మర్నాడు వెళ్లి చూడాలి, దూరాన ఉన్నవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాలి. గ్రూపు నడిపే అక్కకు ఇంకా భయం పోలేదు, రెండు నెలలు చూద్దామన్నారు.

మరిగిస్తే చాలని రాసిన ఆమె ఆ రోజు నుంచి గ్రూపులో ఒక్క మాటా రాయలేదు, ఆదివారం కూడా రాలేదు. ఆమెకూ ఎనిమిది నెలల పాప ఉంది. రేపు పొద్దున వాళ్లింటికి వెళ్తున్నాను, విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్న బాబు తల్లి కూడా నాతో వస్తానంది.